వరద గీతకి పైన

"ఇంత దొడ్డి ఉంచుకుని గోడకి మొక్కలేంటమ్మాయ్?" అని మా అత్తగారు అడిగారు. ఆవిడ కోపంగా అడగలేదు. నిజంగా అర్థం కాకే అడిగారు. వంటింటి గుమ్మంలో చేట పట్టుకుని నిలబడి, నేను గోడ మీద పెన్సిలుతో గీస్తున్న గీతల్ని చూస్తూ అడిగారు.

మాది పి.గన్నవరం దగ్గర ఒక లంక. చుట్టూ గోదావరి పాయలు. నీళ్లు తగ్గినన్నాళ్లూ కాజ్‌వే మీంచి స్కూటీ వేసుకుని నేను పనిచేసే బడికి వెళ్లి వస్తాను. వరదకి ఎర్రనీళ్లు వచ్చాయంటే కాజ్‌వే మునుగుతుంది. ఇక పడవే. పెళ్లయి వచ్చేదాకా ఈ బతుకు నాకు తెలియదు. నేను పెరిగింది అమలాపురంలో, ఒక బట్టల కొట్టు పైన ఉన్న మేడ వాటాలో.

ఆవిడ అన్న దొడ్డి నిజంగానే పెద్దది. ఇంటి వెనక నూతి దగ్గర మొదలై కొబ్బరితోట దాకా ఉంటుంది. అందులో కనకాంబరాలు, మరువం, మల్లె, సన్నజాజి, మందారాలు, బెండ, వంగ, గట్టు వెంబడి కంద. ప్రతిదీ ఆవిడ చేత్తో వేసిందే. నేను వచ్చిన కొత్తలో, "నీక్కావలసింది నువ్వూ వేసుకో" అని మనస్ఫూర్తిగానే అన్నారు. గులాబీ వేశాను. బడి నించి వచ్చేసరికి దానికి నీళ్లు పోసేసి ఉండేవారు. ఆదివారం కత్తిరిద్దామనుకుంటే శనివారమే కత్తిరించేసేవారు. ఎండాకులు ఏరేవారు, మొదలు దగ్గర పేడ వేసేవారు. గులాబీ ఏపుగా పెరిగింది. కానీ ఎవరైనా వచ్చి "ఈ గులాబీ ఎవరు వేసేరండి?" అంటే, నేను నోరు తెరిచే లోపే, ఆ మొక్క తనదన్నట్టు ఆవిడ దాని కబుర్లు చెప్పేవారు. అందులో అబద్ధమేమీ లేదు. అప్పటికి అది ఆవిడ మొక్కే. వేసింది నేనైనా పెంచింది ఆవిడ. ఆ తరవాత కూడా నేను రెండు మూడు మొక్కలు వేశాను. అవన్నీ అదే దారిన వెళ్లాయి. దొడ్లో దిగిన ప్రతి మొక్కా ఆవిడ చేతిలోకే వెళ్లిపోయేది.

ఇది ఎవరితోనైనా చెప్పుకునే కష్టం కాదు. మంచి అత్తగారు దొరికిందని ఊరంతా అనే కోడల్ని. మొక్కకి నీళ్లు పోసేశారని ఫిర్యాదు ఎలా చేస్తాను?

మా బళ్లో పనిచేసే ఒకావిడ ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల ముందుగదిలో గోడకి బిగించిన చెక్క బల్లలూ వాటి మీద వరసగా పేర్చిన కుండీలూ చూశాను. గోడంతా పచ్చగా ఉంది. మా ఇంట్లో మధ్యగది గుర్తొచ్చింది. అది పెంకుటిల్లు. చుట్టూ వసారా దిగి ఉండడంతో మధ్యగదిలో పగలు కూడా లైటు వేసుకోవాలి. పైకప్పులో ఒక్కచోట మాత్రం అద్దం పెంకు వేశారు. దాన్లోంచి వెలుతురు పొద్దున ఒక గోడ మీద పడి, మధ్యాహ్నానికి నేల మీదికి దిగి, సాయంత్రానికి ఎటో పోతుంది. ఆ వెలుతురు పడే గోడ చాలామటుకు ఖాళీగానే ఉంది. అక్కడ రెండు బల్లలు కొట్టించుకుంటానని మా వారితో అన్నాను.

"కొట్టించుకో. దానికి నన్నడగడమెందుకు?" అన్నారాయన. కొబ్బరి దింపులు, అరటి గెలలు చూసుకునే మనిషి. గోడల సంగతి ఆయనకి పట్టదు.

ఆదివారం వడ్రంగి మేస్త్రి వచ్చాడు. పాత టేకు తలుపు ఒకటి చావడిలో పడి ఉంటే దాన్ని కోసి, చిత్రిక పట్టి, రెండు పొడుగాటి బల్లలు చేశాడు. గోడ దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. డ్రిల్లు పెట్టగానే పొడి రాలిపోతోంది.

"పాత గోడండి. మట్టితో కట్టేరు. ప్లగ్గు నిలవదండి. చెక్క దిమ్మ లోపలికి దిగ్గొట్టి దానికి బల్ల మోసే ఇనప యాంగిలు బిగిస్తానండి," అన్నాడు.

"ఆయ్, అలాగే కానీ," అన్నారు పడక్కుర్చీలోంచి మా మావగారు. ఆయన మాటలు తక్కువ. ఇంట్లో ఏ సంగతైనా ఆయన 'ఆయ్' తోనే ముగుస్తుంది.

నేను పెన్సిలుతో గీసుకున్న చోటు నా భుజం ఎత్తులో ఉంది. ఆకులు కళ్ల ముందు ఉండాలని, మట్టి వేలితో తాకి చూడొచ్చని. మేస్త్రి అక్కడే గుర్తు పెడుతుంటే అత్తగారు చేట పక్కన పెట్టి గదిలోకి వచ్చారు.

"అక్కడ కాదు. ఆ గీతకి పైన కొట్టు," అన్నారు.

ఆ గీత నేను వచ్చిన నాటి నించీ చూస్తున్నదే. ఎన్నిసార్లు సున్నం వేసినా గోడలోంచి పైకి తేలే గోధుమరంగు చార. ఎప్పుడో పెద్ద వరదకి గదిలో నీళ్లు నిలిచిన మట్టం. నేను బారెత్తు చెయ్యి చాపితే నా మునివేళ్లు దానికి కొంచెం పైకి వెళతాయి.

"అంత ఎత్తునైతే ఏం కనపడతాయి అత్తయ్యా? నీళ్లు పొయ్యాలన్నా స్టూలు ఎక్కాలి," అన్నాను.

"ఎక్కు. ఈ ఇంట్లో గోడకి ఏది కొట్టినా ఆ గీత పైనే కొట్టేరు. దేవుడి పటాలు చూడు, గడియారం చూడు."

చూశాను. అన్నీ పైనే ఉన్నాయి. అంతవరకూ ఆ సంగతి నేను గమనించనే లేదు. పటాలు ఎత్తున ఉండడం మర్యాద అనుకున్నాను. మేస్త్రి నా వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు, గీత పైనే దిమ్మలు దిగ్గొట్టాడు. ఆ రోజంతా నాకు మనసు బాగోలేదు. గోడ మీద కూడా నా ఇష్టం సాగలేదని అనిపించింది.

కడియం నర్సరీల నించి మొక్కలు తెచ్చుకున్నాను. మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు, సన్నటి చారల ఆకులు జుట్టులా జారే స్పైడర్ ప్లాంటు, బాణం మొనల్లాంటి ఆకుల సింగోనియం, తెల్లటి పీస్ లిల్లీ. పై బల్ల మీద వెలుతురు ఎక్కువ కావలసినవి, కింది బల్ల మీద తక్కువైనా సరిపెట్టుకునేవి. పొద్దున్నే స్టూలు ఎక్కి నీళ్లు పోసేదాన్ని. ఎత్తున ఉండడంలో ఒక మంచి ఉందని కొన్నాళ్లకి తెలిసింది. తీగలు కిందికి జారడానికి చోటు దొరికింది. మనీప్లాంటు గడియారం పక్కనించి దిగి వరద గీత దాటి నా భుజం దాకా వచ్చింది.

అత్తగారు వాటిని ముట్టుకోలేదు. స్టూలు ఎక్కే ఓపిక ఆవిడ మోకాళ్లకి లేదు. అందువల్ల అవి నావిగానే మిగిలాయి. ఆవిడ ఫిర్యాదులన్నీ గోడ గురించే. చెమ్మ ఎక్కుతోందనేవారు. దోమలు చేరతాయనేవారు. ఒకసారి కుండీలోంచి మట్టినీళ్లు కారి మావగారి పంచె మీద పడ్డాయి. ఆయన పంచె దులుపుకుని, కుర్చీ కాస్త అవతలికి జరుపుకున్నారు.  ఆ తరవాత పీస్ లిల్లీ ఎందుకో కుళ్లడం మొదలుపెట్టింది. ఎంత తక్కువ నీళ్లు పోసినా మట్టి తడిగానే ఉండేది. ఒక సెలవు రోజున చూశాను. మావగారు మందులు వేసుకుని, గ్లాసులో మిగిలిన నీళ్లని మునివేళ్ల మీద నిలబడి ఆ కుండీలో ఒంపుతున్నారు.

"దాహంగా కనపడిందమ్మా," అన్నారు. ఇంటికొచ్చిన ఇన్నేళ్లలో ఆయన నాతో అన్న పెద్ద మాటల్లో అదొకటి. ఆ మొక్కని ఆయనకే వదిలేశాను. చచ్చిపోయింది. దాని చోట స్నేక్ ప్లాంటు పెట్టాను. దాహం ఎరగని మొక్క అది.

మరుసటి ఏడు శ్రావణంలో వరద వచ్చింది.

వరద ఈ లంకలో వార్త కాదు. ప్రతి ఏడూ వచ్చేదే. నీళ్లు తోటలోకి వస్తాయి, దొడ్డి అంచు తాకి వెళతాయి. కానీ ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక కూడా నీళ్లు ఆగలేదు. పొద్దున లేచేసరికి కొబ్బరి మొదళ్లు మునిగి ఉన్నాయి. ఫలహారాల వేళకి నూతి గట్టు తాకాయి. రేవులో ఇంజను పడవలు సిద్ధంగా ఉన్నాయనీ, మధ్యాహ్నానికి ఎవరూ ఇళ్లల్లో ఉండొద్దనీ కబురొచ్చింది.

మా వారు తోటలోంచి మోకాళ్ల నీళ్లలో నడిచి వచ్చారు. "ఈసారి ఇంట్లోకి వచ్చేలా ఉంది. సామాను పైకెత్తాలి," అన్నారు.

అప్పుడు చూశాను మా అత్తగారిని. మోకాళ్ల నొప్పి ఏమైపోయిందో. ఏది అటకెక్కాలి, ఏది దూలానికి వేలాడాలి, ఏది మంచం మీద మంచం వేసి దాని మీద పెట్టాలి, అన్నీ ఆవిడ నాలుక చివర ఉన్నాయి. బియ్యం బస్తాలు అటక మీదికి వెళ్లాయి. పప్పులు, చింతపండు, ఊరగాయ జాడీలు వెళ్లాయి. పొలం కాగితాలు మా వారి సంచిలోకి వెళ్లాయి. అటక నిండిపోయింది.

"ఆ బల్లలు ఖాళీ చెయ్యి. మిక్సీ, కుట్టుమిషను తల, అమ్మ చీరల పెట్టె అక్కడ పెడదాం," అన్నారు మా వారు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. బల్లలు గీతకి పైన ఉన్నాయి, గట్టిగా ఉన్నాయి. నేను స్టూలు ఎక్కి కుండీలు ఒక్కొక్కటే దింపడం మొదలుపెట్టాను. మనీప్లాంటు తీగని గోడ నించి విడదీస్తుంటే ఆకులు కొన్ని తెగాయి. దింపిన కుండీల్ని గది మధ్య నేల మీద పెట్టాను. సాయంత్రానికి అక్కడ నీళ్లుంటాయని తెలుసు. మొక్కలే కదా, మళ్లీ కొనుక్కోవచ్చని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

అంతలో అత్తగారు కనపడలేదు. దొడ్డి తలుపు తీసి చూస్తే పాదాలు మునిగే నీళ్లలో నిలబడి, చిన్న కత్తితో కొమ్మలు కోస్తున్నారు. కనకాంబరం కొసలు, మరువం రెమ్మలు, సన్నజాజి తీగ ముక్కలు. పమిట చెంగు తడిపి అందులో చుట్టుకుంటున్నారు.

"అత్తయ్యా, పడవ వచ్చేస్తుంది," అన్నాను.

"వస్తున్నా. ఒక్క బల్ల మీద కుండీలు మళ్లీ పెట్టెయ్యి," అన్నారు వెనక్కి తిరక్కుండానే.

లోపలికి వచ్చి నా కుండీల ముందు కూర్చున్నారు. చూపుడు వేలితో మట్టిలో గుంట చెయ్యడం, కొమ్మ గుచ్చడం, చుట్టూ నొక్కడం. స్నేక్ ప్లాంటు పక్కన మరువం. మనీప్లాంటు మొదలు దగ్గర కనకాంబరం. సింగోనియం కుండీలో సన్నజాజి. వేరే కుండీలు లేవు, మట్టి తెచ్చే వేళ కాదు. అన్ని నెలలుగా ముట్టుకోని కుండీల్ని ఆవిడ ఎప్పణ్నించో తనవే అన్నంత చనువుగా పట్టుకున్నారు. నాకు విచిత్రంగా కోపం రాలేదు. మిక్సీ, మిషను తల కింది బల్ల మీదికి వెళ్లాయి, ఆవిడ గుచ్చిన కుండీని గుచ్చినట్టే నేను స్టూలు ఎక్కి పై బల్ల మీద పెట్టాను.

మా వారు చీరల పెట్టె మోసుకుని వచ్చారు. "ఇది ఎక్కడ పెట్టనే? ఇక్కడ చోటేది?" అన్నారు తల్లితో.

"మంచం మీద పెట్టు."

"మంచం మునుగుతుందేమోనమ్మా. పట్టుచీరలు."

"తడిస్తే ఆరేసుకుంటాను. ఇవి మునిగితే ఏం ఆరేసుకుంటాన్రా?"

మావగారు పడక్కుర్చీ మడత పెట్టి గోడకి ఆనిస్తూ, "ఆయ్," అన్నారు.

పడవలో ఆవిడ ఒక్కమాటు కూడా వెనక్కి చూడలేదు. నేనే చూశాను. మా ఇంటి వసారా మెట్లు రెండు మునిగి ఉన్నాయి.

నీళ్లు తీసి నేల తేలేదాకా అమలాపురంలో మా పుట్టింట్లో ఉన్నాం. మా అత్తగారు ఆ ఇంట్లో అన్ని రోజులు ఉండడం అదే మొదలు. పెళ్లికీ పేరంటాలకీ వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవారు. ఏ పనీ లేక, కాలు పెట్టడానికి మట్టి నేల లేక, ఆవిడ తెల్లారితే వరండాలో కుర్చీ వేసుకుని కింద ఆటోలు తిరగడం చూస్తూ కూర్చునేవారు. ఆ వరండా ఊచలకి మా అమ్మ ఇనప తీగతో కట్టిన గాజు సీసాలుంటాయి. వాటిలో నీళ్లూ, మొక్కల రెమ్మలూ. వంటింటి గూట్లో ఒకటి, బాత్రూము కిటికీలో ఒకటి. నేను పుట్టినప్పట్నించీ ఆ ఇంట్లో మొక్కలంటే అవే.

ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తుంటే ఆవిడ ఆ సీసాల్ని చూస్తూ అన్నారు.

"నీకు చిన్నప్పట్నించీ మొక్కలు ఎత్తునే ఉండేవన్నమాట."

"ఆయ్," అన్నాను. నాకూ ఆ మాట అలవాటైపోయింది.

"నేనేమో నా దొడ్డి నీకు నచ్చలేదనుకున్నాను. అందుకే గోడెక్కేవని."

చేతిలో తడి తువ్వాలు తాడు మీద వేసి ఆవిడ వైపు తిరిగాను. ఇన్నాళ్లూ నాది నాకు కావాలని నేను అనుకుంటుంటే, ఆవిడది నాకు వద్దని ఆవిడ అనుకున్నారు.

"నచ్చకపోవడం కాదత్తయ్యా. ఆ దొడ్లో నాకు చెయ్యడానికి ఏమీ మిగిలేది కాదు," అన్నాను. అంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. తరవాత, అడక్కుండానే, తన కొత్త కాపురం నాటి వరద చెప్పారు. వచ్చిన ఏడే దొడ్డంతా పోయిందట. అప్పటికి అది వాళ్ల అత్తగారి దొడ్డి. ఆ పెద్దావిడ బురదలో కూర్చుని ఏడిచిందట. తరవాత ఇద్దరూ మెరక మీది ఇళ్లకి వెళ్లి ఒక్కొక్క కొమ్మా అడిగి తెచ్చి మళ్లీ వేశారట. "ఒకళ్లని అడగాలంటే మాటలు కాదమ్మా. కొమ్మ ఇస్తారు. ఇచ్చేమని పదిమందికీ చెప్తారు," అన్నారు. పెద్దావిడ పోయాక ఆ దొడ్డి ఈవిడ చేతికొచ్చింది. ప్రతి పెద్ద వరదకీ మళ్లీ మొదలు. "అంచేత ఒక్క రోజు నీళ్లు పొయ్యకపోతే నాకు భయం. పొయ్యకపోతే ఏమవుతుంది అంటే ఏమీ అవ్వదు. తెలుసు. అయినా పోస్తాను."

నా గులాబీకి కూడా అందుకే పోసేవారేమో. 

నీళ్లు తీశాక ఇంటికి వెళ్లాం. గుమ్మంలోనే వాసన కొట్టింది. నేలంతా ఒండ్రు. గోడల మీద తడి చార, పాత గీతకి జానెడు కింద. మంచం మునిగింది. చీరల పెట్టె నానిపోయింది. పట్టుచీరల రంగులు ఒకదాని మీదికి ఒకటి దిగి, తాడు మీద ఆరేస్తే ఏది ఏ చీరో పోల్చుకోవడం కష్టమైంది. ఆవిడ వాటి వంక చూసి, "పెళ్లిచీర ఒక్కటి బాగుంటే చాలనుకున్నాను. అదే పోయింది," అని కొంచెం నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

బల్లలు నిలిచాయి. కింది బల్ల మీది మిక్సీ, మిషను తల బాగానే ఉన్నాయి. పై బల్ల మీద, వెలుతురూ నీళ్లూ లేక నా మొక్కలు పాలిపోయాయి గాని బతికే ఉన్నాయి. ఆవిడ గుచ్చిన వాటిలో సన్నజాజి ఎండిపోయింది. కనకాంబరాల్లో చాలామటుకు వడిలాయి. రెండు కొమ్మలకి మాత్రం కొత్త చిగురు. మరువం అన్నీ నిలబడ్డాయి. ఆ మురుగు వాసనలో ఆవిడ ఒక రెమ్మ తుంచి నలిపి నా ముక్కు దగ్గర పెట్టారు.

దొడ్లో ఏమీ మిగల్లేదు. ఒండ్రు ఆరి పగుళ్లు తేలాక అత్తగారు గునపం పట్టుకున్నారు. ఈసారి నన్ను పిలిచారు. బడి నించి వచ్చేదాకా ఆగారు కూడా. మరువం ఎక్కడ వెయ్యమంటావని అడిగితే, నూతి పక్కన అన్నాను. అక్కడ నీడ ఎక్కువ, అది మంచి చోటు కాదని నాకు తరవాత తెలిసింది. ఆవిడకి అప్పుడే తెలుసు. అయినా అక్కడే వేశారు. మొక్క పెద్దగా ఎదగలేదు. ఎవరమూ దాన్ని కదపలేదు.

ఇప్పుడు బల్లలు మూడయ్యాయి. మూడోది ఆవిడ కొట్టించమన్నదే. జ్యేష్ఠం రాగానే, వరద రాకముందే, దొడ్లో ప్రతిదాన్నించీ ఒక కొమ్మ గోడెక్కుతుంది. ఏ కుండీలో ఏది గుచ్చాలో కింద నిలబడి ఆవిడ చెప్తారు, స్టూలు మీద నేనుంటాను. మాట కలవని రోజులు లేకపోలేదు. స్నేక్ ప్లాంటు చోటు తినేస్తోందని ఆవిడ, అది లేకపోతే గోడ బోసిగా ఉంటుందని నేను. ఒకసారి రెండు రోజులు ఆ విషయం మీదే ముభావంగా ఉన్నాం.

మొన్న శనివారం వాడపల్లి వెంకటేశ్వరస్వామి దర్శనానికి ఇద్దరం బస్సులో వెళ్లాం. తిరుగుదారిలో రావులపాలెంలో బస్సు మారాలి. రోడ్డు పక్కన మొక్కల బండి ఉంది. నేను మంచినీళ్ల సీసా కొని వచ్చేసరికి ఆవిడ ఒక చిన్న కుండీ చేతిలో పట్టుకుని ఉన్నారు. పచ్చటి ఆకుల మీద గులాబీ రంగు చుక్కలు, ఎవరో కుంచె విదిలించినట్టు. దాని పేరు బండివాడికీ తెలియదు.

బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పక్క సీటావిడ వంగి చూసి, "ఏం మొక్కండి ఇది? పూలు పూస్తుందాండి?" అని అడిగింది.

"తెలీదండి," అన్నారు మా అత్తగారు. "చూడ్డానికి బాగుందని తీసుకున్నాను."

కుదుపులకి మట్టి ఒలక్కుండా కుండీ చుట్టూ చీర కొంగు చుట్టి, బస్సు దిగేదాకా రెండు చేతుల్తో పట్టుకున్నారు.